కాలేజీలో వెల్‌నెస్ కమిటీ మీ చేతికొస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

మేడం, మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కందుకూరు వైపు ఒక డిగ్రీ కాలేజీలో మిమ్మల్ని వెల్‌నెస్ కమిటీ కన్వీనర్‌గా వేశారు. పదివేలు ఇచ్చి ఏడాదిలో నాలుగు ప్రోగ్రాములు చేయమన్నారు. పోయినేడాది యోగా డే, ర్యాలీ, డాక్టరు గారి ఉపన్యాసం అన్నీ జరిగాయి. పిల్లలు మాత్రం ఎప్పటిలాగే టిఫిన్ మానేసి పదకొండింటికి పఫ్‌లు తింటున్నారు, రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తున్నారు. ఈసారి ఏం చేస్తే ఉపయోగం ఉంటుందన్నారు.

నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టరుగా, ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసరుగా, కొన్నాళ్లు హాస్టల్ డిప్యూటీ వార్డెనుగా చేసి రిటైరైనవాణ్ణి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మన పిల్లలకు ఆరోగ్యం గురించి తెలియక కాదు, వీల్లేక. పఫ్ మంచిది కాదని, నిద్ర సరిపడా ఉండాలని మీ సెకండియర్ కుర్రాణ్ణి లేపి అడిగితే మీకంటే బాగా చెప్తాడు, రీల్స్‌లో రోజూ చూస్తున్నాడు కాబట్టి. కాబట్టి ఉపన్యాసాల కమిటీ మనకొద్దు. టైంటేబులు, మెస్సు, బాత్‌రూము, గ్రౌండు, ఈ నాలుగింటి మీద ప్రిన్సిపల్ గారి దగ్గర పోట్లాడే కమిటీ కావాలి.

అన్నిటికంటే ముందు ఆడపిల్లల బాత్‌రూములు చూడండి. లంచ్ బెల్లు కొట్టిన పది నిమిషాలకు వెళ్లండి, ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. నేను పనిచేసిన ఒకచోట నాలుగు గదులుంటే రెండింటికి గడియల్లేవు. ఒకమ్మాయి లోపలికి వెళ్తే ఇంకో అమ్మాయి బయట నిలబడి తలుపు పట్టుకోవాలి. మగ్గు ఒక్కటే, దానికి పిడి లేదు. ఈ సంగతి నాకు తెలిసింది బస్సు దగ్గర. సాయంత్రం ఊళ్లకు వెళ్లే అమ్మాయిల బ్యాగు పక్క జేబుల్లో వాటర్ బాటిళ్లు నిండుగా ఉండేవి. పొద్దున ఇంట్లో నింపుకొచ్చిన నీళ్లు అలాగే ఇంటికి పోతున్నాయి! తాగితే బాత్‌రూముకు వెళ్లాలి కాబట్టి తాగరు. ఉదయం ఏడింటి పల్లెవెలుగు ఎక్కిన పిల్ల సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకుంటే, మన ఎండల్లో తలనొప్పి, కళ్లు తిరగడం, మూత్రంలో మంట రాక ఏమవుతాయి? ఆ పిల్లలను హాల్లో కూర్చోబెట్టి రోజుకు మూడు లీటర్లు తాగమని చెప్పడం వెటకారం చేసినట్టే.

గడియలు, కొక్కేలు, బకెట్లు, మగ్గులు, మూత ఉన్న డస్ట్‌బిన్, శానిటరీ ప్యాడ్లు, రెండు పూటలా కడిగే మనిషి. ఇంతే. నెలసరి రోజుల్లో కాలేజీ మానేసేవాళ్లు ఎందరో అటెండెన్స్ రిజిస్టరు జాగ్రత్తగా చూస్తే మీకే అర్థమవుతుంది. ప్యాడ్లు స్టాఫ్ రూములో తాళం వేసి పెట్టొద్దు, అడిగి తీసుకోవాలంటే ఎవరూ అడగరు. బాత్‌రూము దగ్గరే ఒక పెట్టెలో ఉంచండి. మొదటి వారం ఖాళీ అయిపోతాయి, పర్వాలేదు, తర్వాత సర్దుకుంటుంది.

నీళ్ల దగ్గర ఇంకో మాట. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. ఆ ప్రాంతపు పిల్లలు చాలామంది చిన్నప్పటి నుంచీ ఆ నీళ్లే తాగి వచ్చినవాళ్లు, పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. కాలేజీలో ఆర్‌ఓ ప్లాంటు ఉంటే చాలదు, ఫిల్టరు ఆఖరిసారి ఎప్పుడు మార్చారో అడగండి. ఒక బాటిల్ నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపించండి. ఓవర్‌హెడ్ ట్యాంకు మూత తీయించి లోపలికి ఒకసారి చూడండి. కొన్నిచోట్ల ఆ చూపు ఒక్కటి చాలు, ప్రిన్సిపల్ గారే స్వయంగా మనిషిని పిలిపిస్తారు.

ఇక రక్తహీనత. మన కాలేజీ అమ్మాయిల విషయంలో దీనికి మించిన ఆరోగ్య సమస్య నాకు కనపడలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు నూటికి 59 మందికి రక్తం తక్కువ. అంటే మీ క్లాసులో కూర్చున్న అమ్మాయిల్లో సగం మందికి పైగా ఉండొచ్చు. ‘బద్ధకం’, ‘చదువు మీద ధ్యాస లేదు’ అని మనం తిట్టే పిల్లల్లో చాలామందిది అసలు ఇదే జబ్బు. మా ప్రాక్టీసుకు వచ్చే ఒక ఖోఖో అమ్మాయి రెండు రౌండ్లకే కూర్చుండిపోయేది. భయమేమో, అలవాటు లేదేమో అనుకున్నారు అందరూ. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.6. ఆడవాళ్లకు 12 ఉండాలి, 8 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత కింద లెక్క, వెంటనే డాక్టరుకు చూపించాల్సిందే. ఆ అమ్మాయి ఆ స్థితిలో రోజూ పొలం గట్టు మీద నడిచి, బస్సెక్కి, కాలేజీకి వచ్చి, మళ్లీ ఆడటానికి కూడా దిగింది!

మీ దగ్గరున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) మెడికల్ ఆఫీసరుకు ప్రిన్సిపల్ గారి చేత ఒక ఉత్తరం రాయించండి. ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి పరీక్ష చేస్తారు, ఐరన్ మాత్రలు కూడా వాళ్లే ఇస్తారు, మీకు ఖర్చుండదు. కానీ మాత్రలు పంచి ఫొటో తీసుకుంటే పని అయిపోదు. మూడో రోజుకే సగం మాత్రలు కిటికీలో నుంచి బయటకు పోతాయి. ఎందుకంటే కడుపులో తిప్పుతుంది, మలం నల్లగా వస్తుంది, పిల్ల భయపడి మానేస్తుంది. ఈ రెండూ మామూలేనని ముందే చెప్పాలి. ఖాళీ కడుపున పడకపోతే అన్నం తిన్నాక వేసుకోమనండి, పాలతో, టీతో మాత్రం వద్దు. టీకి, మాత్రకి మధ్య కనీసం గంట తేడా ఉండాలి. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. పొదలకూరు నిమ్మ మార్కెట్టు మన వైపే ఉంది, నిమ్మకాయలకు మనకేం కరువు? నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ కూడా డాక్టరునే అడిగి వేయించండి. మూడు నెలల తర్వాత అదే పిల్లలకు మళ్లీ పరీక్ష చేయించండి. మీ కమిటీ పని జరిగిందా లేదా అన్నది చెప్పే అంకె అదొక్కటే.

మెస్సు సంగతికొద్దాం. టిఫిన్ ఎందుకు మానేస్తున్నారని పిల్లల్ని అడిగే ముందు, పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదింబావు దాకా మీరే క్యూలో నిలబడి చూడండి. మూడు వందల మందికి ఒకటే గరిటె, ఒకటే చట్నీ బకెట్. వెనక నిలబడ్డవాళ్లకు వంతు వచ్చేసరికి ఫస్ట్ అవర్ బెల్లు. వాళ్లు టిఫిన్ మానేయట్లేదు, మనమే మాన్పిస్తున్నాం. రెండో కౌంటరు పెట్టిస్తే సగం సమస్య తీరుతుంది. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు విడిగా ఒక బల్ల మీద పెట్టిస్తే చేతిలో పట్టుకుని వెళ్లిపోతారు. గుడ్డు రాత్రి కాకుండా పొద్దున పెట్టించడం మీద మెస్సు కాంట్రాక్టరు గొణుగుతాడు, గొణగనివ్వండి.

ప్రొటీను విషయంలో మన హాస్టళ్లు మరీ ఘోరం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క ప్రకారం మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీను కావాలి. 55 కిలోల అమ్మాయికి 45 గ్రాములకు పైనే. పలచటి పప్పుచారు, ఆలుగడ్డ వేపుడు, మజ్జిగ నీళ్లతో అది ఎక్కడ నిండుతుంది? మనదేమో శనగ పండే జిల్లా. అయినా సాయంత్రం అయిదింటికి పిల్లల చేతిలో పెట్టేది టీ, రెండు బిస్కెట్లు. ఆ బిస్కెట్ల డబ్బుతోనే శనగల గుగ్గిళ్లు వస్తాయి, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపితే ఒక్కటీ మిగలదు. వేరుశనగ ఉండలు, పెసలు, వారానికోసారి మీల్‌మేకరు కూర. కావలి, అల్లూరు వైపు చెరువుల్లో రొయ్యలు పెరిగి దేశాలు దాటిపోతున్నాయి, మన హాస్టల్ పళ్లెంలోకి చిన్న చేప ముక్క రావడానికి మాత్రం పండగ రావాలి. మెస్సు కమిటీలో పిల్లలు ఉన్నచోట పరిస్థితి కొంత నయం. ఒకరిద్దరు అమ్మాయిల్ని కమిటీలో వేయించండి. కాంట్రాక్టరు లెక్కలు ఎలా ఉంటాయో అబ్బాయిల కంటే వాళ్లే బాగా పట్టుకుంటారు.

జిమ్ అబ్బాయిల గురించి మీరు అడగలేదు గానీ, చెప్పాలి. వేలు పోసి ప్రొటీన్ పౌడరు డబ్బా కొంటాడు, పొద్దున టిఫిన్ తినడు. ట్రెయినరు చెప్పాడని కండలు పెంచే ఇంజెక్షన్ల దాకా పోయేవాళ్లూ ఉన్నారు. ఇంజెక్షన్ అన్న మాట చెవిన పడితే మాత్రం ఊరుకోకండి, ఇంట్లో వాళ్లకు చెప్పండి, డాక్టరుకు చూపించండి.

గ్రౌండు నా సొంత సబ్జెక్టు, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. మన దగ్గర డిగ్రీలో చేరే పిల్లల్లో చాలామంది ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీ అపార్టుమెంట్లలో గడిపి వస్తారు. పొద్దున అయిదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్. గ్రౌండనేదే ఉండదు. రెండేళ్లు పరిగెత్తని పదిహేడేళ్ల పిల్లవాడికి కాలేజీ తెరవగానే ‘ఫైవ్ కే రన్’ పెట్టి ప్రైజులు ఇస్తే, అలవాటున్న పదిమందే వస్తారు, మిగతావాళ్లు ‘ఇది మనకు కాదు’ అని ఆ రోజే తేల్చుకుంటారు. పోటీలు పెట్టడం తప్పు కాదు, అవి మొదట పెట్టడమే తప్పు.

పద్దెనిమిది దాటినవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం. అంటే వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట చురుగ్గా నడిచినా చాలు. దానికి కావాల్సింది టైంటేబులులో సాయంత్రం ఖాళీ. నాలుగున్నర దాకా క్లాసులు, ఆ తర్వాత సర్టిఫికెట్ కోర్సు, ఆరింటికి స్టడీ అవర్ అయితే ఎవరు ఆడతారు? ఇంత వేడి ఊళ్లలో మధ్యాహ్నం గేమ్స్ పీరియడ్ వేసే ప్రిన్సిపల్స్‌ని నేను చూశాను. ఏప్రిల్ నుంచి రోహిణీకార్తె వెళ్లేదాకా ఉదయం ఎనిమిది దాటాక, సాయంత్రం అయిదున్నర లోపు ఎవరినీ గ్రౌండులోకి దింపకూడదు. మనకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మిగతా రాష్ట్రానికి జూన్ నుంచి వానలైతే, నెల్లూరు వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒకదాని వెనక ఒకటి వాయుగుండాలు, గ్రౌండంతా బురద. అలవాటు పడుతున్న పిల్లలు సరిగ్గా అప్పుడే జారిపోతారు. వరండాలో స్కిప్పింగ్ తాళ్లు, సెమినార్ హాల్లో సూర్యనమస్కారాలు, బల్లలు పక్కకు జరిపి టేబుల్ టెన్నిస్, ఇవన్నీ ముందే సిద్ధం చేసుకోండి. ఆ నెలల్లోనే డెంగీ కూడా, కాబట్టి వారానికో రోజు ఎన్ఎస్ఎస్ పిల్లల చేత హాస్టల్ కూలర్లు, పూలకుండీలు, టైర్లు బోర్లించే పని చేయించండి. అది కూడా వ్యాయామమే.

అమ్మాయిల కోసం టెన్నికాయిట్, మనం రింగు ఆట అంటాం కదా, దానికి మించింది లేదు. చుడీదార్‌లో ఆడొచ్చు, చున్నీ బిగించి కట్టుకుంటే చాలు, నేర్చుకోవడానికి పది నిమిషాలు, చిన్న జాగా సరిపోతుంది. త్రోబాల్ కూడా అంతే. కాకపోతే ఒక షరతు: కోర్టు రోడ్డు వైపు, బైకులు ఆపే చోటికి ఎదురుగా వేయొద్దు. ఎంత మంచి కోర్టయినా పక్కన పదిమంది కుర్రాళ్లు నిలబడి చూస్తుంటే అమ్మాయిలు రారు. హాస్టల్ వెనక వైపు వేయించండి. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు సాయంత్రం బస్సు ఉంటుంది కాబట్టి ఎండాకాలం తప్ప మిగతా నెలల్లో వాళ్ల ఆట లంచ్‌లో, చెట్ల నీడలో సాగాలి, దీన్ని మన ఫిజికల్ డైరెక్టర్లు చాలామంది మరిచిపోతారు.

నిద్ర గురించి. పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఏడు నుంచి తొమ్మిది గంటలు కావాలి. పదకొండింటికి హాస్టల్ వైఫై ఆపేస్తే చాలనుకుంటారు వార్డెన్లు. అందరి దగ్గరా సొంత డేటా ఉంది, పైగా రోజువారీ డేటా అర్ధరాత్రి పన్నెండింటికి మళ్లీ నిండుతుంది. మన పిల్లలు పన్నెండు ఎప్పుడవుతుందా అని మేలుకుని కూర్చుంటారు. కాబట్టి వైఫై మీద యుద్ధం మానేసి, మన చేతిలో ఉన్నవి మార్చండి. అసైన్‌మెంట్ గడువు రాత్రి 11.59 అని ఎవరు పెట్టారు? మనమే. సాయంత్రం ఆరు చేయించండి. తెల్లవారి అయిదింటి స్టడీ అవర్ తీసేయించండి, డిగ్రీ పిల్లలకు దానివల్ల నిద్ర పోవడమే గాని చదువు రాదు. పరీక్షల ముందు ఎనర్జీ డ్రింకు తాగి చదివేవాళ్లకు ఒక్క ముక్క చెప్తే వింటారు: కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది, రాత్రి తొమ్మిదింటికి తాగింది రెండింటికి కూడా పనిచేస్తూనే ఉంటుంది.

పొగాకు సంగతి చకచకా. 2003 నాటి చట్టం ప్రకారం విద్యాసంస్థకు వంద గజాల లోపు సిగరెట్లు, గుట్కా అమ్మకూడదు. టేపు పట్టుకుని కొలిపించి, ఫొటోతో పోలీసు స్టేషన్‌లో, మున్సిపల్ ఆఫీసులో ఉత్తరం ఇవ్వండి. ఉపన్యాసం మాత్రం ఆచితూచి చెప్పించండి. మీ హాల్లో కూర్చున్న పిల్లల్లో పొగాకు రైతుల బిడ్డలుంటారు, వాళ్ల ఫీజు బ్యారన్‌లో, అంటే పొగాకు కాల్చే కొట్టంలో, కాల్చిన ఆకు కట్టింది. ‘పొగాకు విషం’ అని వేదిక మీద అరిస్తే వాళ్లు చెవులు మూసుకుంటారు. తాగొద్దని చెప్పండి, పంటను తిట్టొద్దు.

చివరిది, బరువైనది. మనసు బాగోలేని పిల్లవాడు వచ్చి ‘సార్, నాకు డిప్రెషన్’ అనడు. మెస్సుకు రావడం మానేస్తాడు. క్రికెట్ మానేస్తాడు. ఇంటర్నల్స్ రాయడు. అప్పులు తీర్చేస్తాడు, ఇష్టమైన వస్తువులు పంచేస్తాడు. కాబట్టి మెస్సు రిజిస్టరు, అటెండెన్స్, గ్రౌండు ఈ మూడు చూసేవాళ్లు వారానికోసారి పది నిమిషాలు కూర్చుని పేర్లు సరిచూసుకోవాలి. అనుమానం వస్తే సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ల భయం. అది నిజం కాదు, అడిగితే చాలామందికి గుండె తేలికపడుతుంది. ఔనంటే ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో వాళ్లను పిలిపించి, ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో (జీజీహెచ్) సైకియాట్రిస్టు దగ్గరికి మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హాస్టల్ ప్రతి అంతస్తులోనూ అతికించండి. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. అది మన విశాఖపట్నంలో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులోనే. మీ మేనేజ్‌మెంట్‌కు ఆ మాట గుర్తు చేయండి. కౌన్సెలింగ్ గది ప్రిన్సిపల్ రూము ఎదురుగా పెడితే ఎవరూ రారు, లైబ్రరీ పక్కన పెట్టించండి, తలుపు మీద ‘కౌన్సెలింగ్’ అని పెద్దక్షరాలు వద్దు.

ఇప్పుడు మీ పదివేల లెక్క. నాలుగు ప్రోగ్రాములు కావాలన్నారు కదా, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైలులో, ఎక్కడ తీశారో చూపే జియోట్యాగ్ ఫొటోలు కూడా కావాలి, ఆ ఇబ్బంది నాకు తెలుసు. హిమోగ్లోబిన్ క్యాంపు ఒకటి, మూడు నెలలకు దాని రెండో విడత ఇంకొకటి, రింగు ఆట ఒకటి, వంద గజాల కొలత ఒకటి. నాలుగూ అయ్యాయి, ఫొటోలూ వస్తాయి, క్యాంపులకు పైసా ఖర్చు లేదు. డబ్బులో సగం బాత్‌రూము గడియలకు, బకెట్లకు, ప్యాడ్లకు. టెన్నికాయిట్ రింగులు ఒక్కొక్కటి వంద నూటయాభైలో వస్తాయి, అరడజను కొని రెండు నెట్లు కట్టించండి. స్కిప్పింగ్ తాళ్లు కొన్ని. మిగిలింది ట్యాంకు కడిగించడానికి. ఫ్లెక్సీలు, టీషర్టులు, శాలువాలు, మెమెంటోలు ఏవీ వద్దు. గెస్టును పిలవాల్సి వస్తే పీహెచ్‌సీ ల్యాబ్ టెక్నీషియన్‌ని పిలవండి, ఆయనకు మధ్యాహ్నం మంచి భోజనం పెట్టించండి. రెండో విడత పరీక్షకు ఆయన మళ్లీ రావాలి కదా.